ఊ కొట్టేవాళ్ళు లేని కథ

ఊ కొట్టకూడదు. మా ప్రాజెక్టులో మొదటి నియమం అదే.

పల్లెల్లో పెద్దవాళ్ళు చెప్పే పాత సంగతులు రికార్డు చేసి, వెబ్‌సైటులో శ్రీకాకుళం, విజయనగరం మ్యాపు మీద పెడతాం. ఊరి పేరు మీద వేలు పెడితే ఆ ఊరి గొంతు వినిపిస్తుంది. యూనివర్సిటీలో చరిత్ర చదివే పిల్లలం చేస్తున్న పని. ఎదుటివాళ్ళు చెబుతుంటే మేం తలాడించాలే తప్ప నోరు మెదపకూడదు. మధ్యలో మా గొంతులు పడితే రికార్డింగు పాడవుతుందని సార్ మరీ మరీ చెప్పారు.

నాతో వచ్చేవాడు విజయ్‌కుమార్. మైకూ ఎడిటింగూ వాడివి, ప్రశ్నలు నావి. నా పేరు అర్చన. చీపురుపల్లిలో మా అమ్మ ఒక్కతే కిరాణా కొట్టు నడుపుతుంది. కందిపప్పు బస్తా వస్తే పైన గుప్పెడు కాదు, అడుగున గుప్పెడు తీసి చూస్తుంది. ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఎవరినీ ఊరికే నమ్మను.

శ్రీముఖలింగానికి ఇవతల, వంశధార పక్కనున్న చిన్న పల్లెలో లక్ష్మణమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. బాగా ముసలామె. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తన చిన్నతనంలో రేవు పడవ ఒకటి మునిగిపోయిందట. అందులో ఆమె అప్ప, అంటే అక్క, కూడా పోయిందట. ఆ సంగతి చెబుతానంది. మైకు పెట్టి, మేం ఊ కొట్టం, ఏమీ అనుకోవద్దన్నాం.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఊ కొట్టకపోతే కతెలగ సెప్తారే గుంటా? ఊ కొట్టినోలింటికే కత ఎల్తాది. మీరు కొట్టకపోతే ఆ సోటు కాళీగా ఉండిపోతాది. కాళీ సోటు మంచిది కాదు."

"మరేటీ పర్లేదు మామ్మా, సెప్పు," అన్నాడు విజయ్ నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. కానీ చెప్పింది. "మా అప్పే నాకు కతలు సెప్పీది. నాను పక్కన తొంగుని ఊ కొట్టీదాన్ని..." అంటూ మొదలుపెట్టింది. మేం నోళ్ళు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాం.

మర్నాడు ల్యాబులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. లక్ష్మణమ్మ గారు ఆగిన ప్రతిచోటా, సరిగ్గా వేళకి... ఊ.

ఆడపిల్ల గొంతు. నోట్లో నీళ్ళు పోసుకుని అన్నట్టుంది.

నా అనుమానం నేరుగా విజయ్ మీదికే పోయింది. మన మ్యాపుని కుక్క కూడా వినడం లేదని వారం నుంచీ ఏడుస్తున్నాడు. ఓ దెయ్యం గొంతు అతికిస్తే జనం ఎగబడతారు మరి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, చీపురుపల్లి కొట్టులో పుట్టినదాన్ని, నేను పడతాను.

"ఏట్రా ఇది?"

"నాకేటి తెలుసే! నాను ముట్టనే లేదు."

"ఫైలు నీ కాడే కదా ఉన్నాది?"

"ఒట్టే... అమ్మతోడు."

ఇలాంటి ఒట్లు చాలా విన్నాను. సార్‌కి తెలిస్తే వీడిని ప్రాజెక్టు నుంచి తీసేస్తారు, ఏడాది పోతుంది. వాడు నాకు మంచి స్నేహితుడు. అందుకే కోపం ఇంకా ఎక్కువొచ్చింది. మళ్ళీ వెళ్ళి నా కళ్ళముందే రికార్డు చెయ్యమన్నాను. అక్కడికక్కడే విందాం, అందులో ఊ లేకపోతే దొంగవి నువ్వే, సార్‌కి చెప్పేస్తానన్నాను.

దారంతా వాడు మైకు సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నమే. కానీ మబ్బు పట్టి అరుగంతా చీకటిగా ఉంది. కరెంటు పోయి, పక్కింటి టీవీ కూడా ఆగిపోయింది. చింతపండు పులుపు వాసనలో ఇంకో వాసన కలిసింది. ఏటి బురద వాసన. ఎండలకి ఏరు సగం ఎండి, ఎక్కడికో దూరం జరిగిపోయింది. ఇక్కడికి బురద వాసనెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

నేను విజయ్ పెదాలనే చూస్తూ కూర్చున్నాను. నా వైపు నుంచి తప్పుండకూడదని చున్నీ కొంగు పళ్ళమధ్య బిగించాను.

లక్ష్మణమ్మ గారు మొదలుపెట్టింది. కొంచెం చెప్పడం... ఆగడం. ఎవరో బదులిచ్చినట్టు తల పంకించి, మళ్ళీ చెప్పడం. నాకేమీ వినపడలేదు. విజయ్ పెదాలు కదల్లేదు.

అక్క సంతకని పడవెక్కే దగ్గరికి వచ్చి ఆమె ఆగిపోయింది.

"ఇక్కడినుంచి నాకు తెల్దు. పడవలో నాను లేను గదా."

చింతపండు పక్కన పెట్టింది. అరుగు చివర, ఎవరూ లేని వైపు తిరిగింది.

"నువ్వు సెప్పప్పా," అంది మెల్లగా.

నిశ్శబ్దం.

"ఊ," అంది లక్ష్మణమ్మ గారు.

మళ్ళీ నిశ్శబ్దం... "ఊ."

విజయ్ నా మోచెయ్యి గిల్లి రికార్డరు చూపించాడు. అరుగు మీద ఎవరూ మాట్లాడటం లేదు. అయినా దాని తెర మీద శబ్దం గీతలు లేస్తున్నాయి... పడుతున్నాయి. ఆమె ఊ అన్నాక క్షణం ఆగి, మళ్ళీ లేస్తున్నాయి.

పారిపోవాలనిపించింది. చున్నీని ఇంకా గట్టిగా కొరికాను.

చాలాసేపటికి ఆమె మా వైపు తిరిగింది. విజయ్‌ని చూడలేదు. నన్నే చూసింది, జాలిగా.

"ఇంక ఎల్లండమ్మా. బేగి ఇంటికెల్లిపో."

రోడ్డు మీద బస్సు కోసం నిలబడి విన్నాం. ముందు విజయ్ విన్నాడు. వింటూ వింటూ తలెత్తి నా వైపు చూశాడు. ల్యాబులో నేను వాడిని చూసిన చూపే అది.

"ఎందుకు కొట్టావే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏటి?"

"ఊ."

హెడ్‌ఫోన్లు లాక్కున్నాను. ఆ పిల్ల గొంతే. తడిగా, తీరిగ్గా కథ చెబుతోంది. "పడవ నడి ఏట్లోకొచ్చినాది... అడుగునుంచి నీల్లు ఊరినాయి..." లక్ష్మణమ్మ గారి ఊ. దాని పక్కనే ఇంకో ఊ.

అది నా గొంతు.

చున్నీ చూపించాను. పళ్ళ గాట్లు పడి ఇంకా తడిగానే ఉంది. "నాను కాదురా. ఒట్టు." వాడు నమ్మలేదు. వాడి చోట ఉంటే నేనూ నమ్మను.

రికార్డింగు చివర్లో ఆ పిల్ల అడిగింది. "మీదే ఊరు?"

"చీపురుపల్లి," అంది నా గొంతు. తడుముకోకుండా మా కొట్టు, సందు, వెనక గుమ్మం... అన్నీ చెప్పింది. "అమ్మొక్కర్తే ఉంటాది," అని కూడా చెప్పింది.

అమ్మకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

నేనింకా ఒక్క మాటా అనలేదు.

"ఊ," అంది అమ్మ.

కాసేపాగి, మళ్ళీ... "ఊ."