తెల్ల బాక్సు కింద పేరు

…తెల్ల బాక్సు పెడితే కింద పేరు చెరిగిపోతుందని ఈ చీఫ్‌కు ఎవరు చెప్పారు? ఇరవై ఏళ్ల సర్వీసు, గోడనిండా మెమెంటోలు, వర్డ్ ఫైలుకూ ఫొటోకూ తేడా తెలియదు. దావీదురాజు మౌస్‌ను బల్లకేసి కొట్టబోయి ఆగాడు.

ఎర్రగుంట్లలో అతను డీటీపీ షాపువాడు. సిమెంటు లారీలవాళ్లకు జిరాక్సులు, చర్చిలకు పెండ్లిపత్రికలు. సీక్రెట్ ఏజెంట్ అని తెలిసింది ఇద్దరికే. ఒకరు కర్నూలులో ఉన్న చీఫ్ సోమశేఖర్. ఇంకొకరు మహిమ.

రక్షణశాఖ రైళ్ల వేళలను విదేశానికి అమ్మే ముఠాలో మహిమ మూడేళ్లుగా ఉంది. వాళ్ల గుట్టు దావీదురాజుకు చేరవేస్తోంది. ఈ ఉదయం ఆరుగురు దొరికారు, నాయకుడు తప్ప. పన్నెండుకు డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ప్రెస్‌నోట్. దానికి జతగా ముఠా డయాగ్రమ్, వర్డ్ ఫైలుగానే. నడి గడిలో మహిమ పేరు, దానిమీద తెల్ల బాక్సు. బాక్సును పక్కకు లాగితే చాలు, ఆమె ప్రాణం పోయినట్టే.

11.40. ఇయర్‌పీస్ నొక్కి చీఫ్‌ను పిలిచాడు.

"సార్, ఆపండి."

"యాడ ఆపేదప్పా? ప్రెస్సోళ్లకు టైము చెప్పేసినాం. పన్నెండుకు దానంతటదే ఎక్కుతాది. పేరు మూసే ఉండాది గదా!"

"మూత సార్ అది. తీస్తే వస్తాది."

"అట్లయితే ఇమేజ్ చేసి నువ్వే మార్చు. ఫైలు తీసేయను కుదరదు, మార్చను కుదురుతాది. ఊరికే అరవద్దు."

అతను అరవలేదు. అరవలేదు కాబట్టే దవడలు నొప్పి పుట్టాయి.

తలుపు తీసుకుని మహిమ వచ్చింది. పెండ్లికి పోయే వేషం: జరీచీర, నల్లకళ్లద్దాలు. బజారంతా ఒకసారి తిరిగి చూసింది. రోడ్డవతల, ఆమె దిగిన కారులో ముఠా నాయకుడు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తమను పట్టించిందెవరో ఆ వెబ్‌సైట్‌లో దొరుకుతుందేమోనని కాచుకున్నాడు.

"ఆధార్ జిరాక్స్ రెండప్పా. ముదురుగా రావాల."

వాళ్లిద్దరి సంకేతంలో ముదురుగా అంటే ప్రమాదం. దావీదురాజు మిషన్ ఆన్ చేశాడు. ఆ మోత చాటున ఆమె గొంతు తగ్గించింది.

"వాడు నన్ను కమలాపురం మీదుగా తీసకపోతాండాడు. ఆడ మనోళ్లుండారా?"

"రైల్వే గేటుకాడ ఉండారు. ఈడ బజార్లో కాల్పులు వద్దన్యారు."

11.51. గడులూ బాణాలూ ఒక్కొక్కటే పట్టి గ్రూప్ చేశాడు. కాపీ. పిక్చర్‌గా పేస్ట్. పీఎన్‌జీ ఫొటోగా సేవ్. తెరిచి చూశాడు. నడి గడిలో మూడక్షరాలు: మహిమ.

తెల్ల పేజీ మీద తెల్ల బాక్సు కంటికి ఆనలేదు. గ్రూప్ చేసేటప్పుడు దాన్ని వదిలేశాడు.

కౌంటరు మీదికి వంగిన మహిమ కళ్లద్దాలు తీసింది.

"నా పేరు దీంట్లో ఎవుడు రాసినాడు?"

"మా కర్నూలు గాడిదలు..."

ఆ డయాగ్రమ్ గీసింది తనే. రెండేళ్ల కిందట, ఇదే కుర్చీలో. కోడ్ నంబరు వేయాల్సిన చోట ఆమె పేరు టైపు కొట్టాడు. ఆ పేరు టైపు చేస్తుంటే బాగనిపించింది. తర్వాత సిగ్గేసింది. చెరపడానికి మనసొప్పక, మీద బాక్సు కప్పి పంపాడు. ఉదయం నుంచీ ఆ సంగతి తెలుసు. చీఫ్‌ను తిడుతున్నంతసేపు దాన్ని తలచుకోనక్కర్లేదు, అంతే.

"ఎవుడైనా గానీ, వాని చెయ్యి ఇరగ్గొట్టాల," అంది మహిమ.

"ఇరగ్గొట్టాల్సిందే."

11.57. పేరునే చెరిపాడు. బాక్సును పీకేశాడు. గ్రూప్. పీఎన్‌జీ. సైటులో వర్డ్ ఫైలు స్థానంలో బొమ్మ ఎక్కించాడు. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. పన్నెండు.

రోడ్డవతల నాయకుడు బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. గోటితో గీకాడు కూడా. ఖాళీ గడి ఖాళీగానే ఉంది. హారన్ కొట్టాడు. మహిమ జిరాక్సులు తీసుకుని వెళ్లి కారెక్కింది.

అరగంటకు ఇయర్‌పీస్ మోగింది, చీఫ్.

"గేటుకాడ దొరికినాడప్పా! ఆయమ్మ బాగుండాది. ఆ డయాగ్రమ్ పంపిన క్లర్కుకు మెమో ఇస్తాండా. ఏమంటావు?"

దావీదురాజు జిరాక్స్ మిషన్ ఆపేశాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

"మెమో మీద పేరు రాసుకోండి సార్," అని తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నిదానంగా చెప్పాడు.