బుడుంగుకి కోపం వచ్చిన ఆదివారం

"ఆ విజిల్ ఎవడిది?"

ఆ అమ్మాయి నోటివెంట నేను విన్న మొదటి మాట ఇదే. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నడుముకి చేపముక్కల డబ్బా, మెడలో విజిల్, నుదుటికి అతుక్కుపోయిన తడి జుట్టు. రెండొందల మంది చూస్తుండగా కొలను గట్టు దిగి, టపటపా నడుచుకుంటూ వచ్చి మా వరుస ముందు నిలబడింది.

తప్పు మాదే. నూటికి నూరుపాళ్లూ మాదే. కానీ "ఎవడిది" ఏంటండీ, "ఎవడిది"?

ఆ విజిల్ మా నాన్నది. ముప్పై ఆరేళ్లు స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఊదితే పన్నెండొందల మంది పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. అలాంటి మనిషిని పట్టుకుని "ఎవడు" అంటుందా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాది," అన్నాను ముందుకొచ్చి.

పక్కనే మా నాన్న విజిల్‌ని పిడికిట్లో దాచేసుకుని, ఆకాశంలో ఏదో ముఖ్యమైన పనున్నట్టు పైకి చూస్తున్నాడు.

"మీదా? బుద్ధుందా మీకు?"

"ఉంది. మీకు మర్యాద ఉందా?"

"ఆరు నెలల కష్టాన్ని నీళ్లపాలు చేసి, పైగా మర్యాద కూడా కావాలా!"

"విజిల్ ఊదకూడదని ఎక్కడైనా రాశారా? అద్దాలు కొట్టొద్దని రాశారు, ఫ్లాష్ వెయ్యొద్దని రాశారు. విజిల్ గురించి ఒక్క ముక్క లేదు!"

"పార్కుకి విజిల్ వేసుకొచ్చే మనిషి ఉంటాడని ఎవరు కలగన్నారండీ?"

వెనక బావ కిసుక్కున నవ్వాడు. అక్క ఆయన్ని గిల్లింది.

"మళ్లీ మూడింటికి షో ఉంది," అంది ఆ అమ్మాయి. గొంతు కొంచెం వణికింది, కానీ కోపంతోనే వణికినట్టు చూసుకుంది. "అప్పుడు కూడా బుడుంగు చెయ్యకపోతే నన్ను గిఫ్ట్ షాపులో కూర్చోబెడతారు. దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. సంతోషమా, బ్యాగులబ్బాయిగారూ?"

అప్పుడు చూసుకున్నాను. నా రెండు భుజాలకీ కలిపి ఐదు బ్యాగులున్నాయి. మా ఇంట్లో పెళ్లికాని వాడు కూలీతో సమానం.

అసలేం జరిగిందో చెప్పాలి.

మా ఇంట్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. అంతా విజిలే. ఒక పొట్టి విజిల్ అంటే అక్క, రెండు పొట్టివంటే నేను, పొడుగ్గా ఊదితే ఇంట్లోవాళ్లందరూ రావాలి. అమ్మకి విడిగా విజిల్ లేదు. "పెళ్లైన వారానికే చెప్పేశాను, నన్ను ఊది పిలిస్తే పుట్టింటికి పోతానని," అంటుంది.

ఆ ఆదివారం మేం ఆరుగురం సముద్ర జంతువుల పార్కుకి వచ్చాం. నాన్న, అమ్మ, అక్క, బావ, వాళ్ల ఐదేళ్ల బుజ్జి, ఐదు బ్యాగులతో నేను. నాన్న జేబులో టైమ్‌టేబుల్ ఉంది. పెంగ్విన్లకి ఇరవై నిమిషాలు, తాబేళ్లకి పది. తాబేళ్ల దగ్గర పదకొండో నిమిషం ఆగానని నాకు రెండు విజిళ్లు పడ్డాయి. జెల్లీ చేపల చీకటి గదిలో పొడుగు విజిల్, గేటు దగ్గరొకటి, క్యాంటీన్ దగ్గరొకటి.

పోనీ, వెళ్తే ఏమైనా ఉంటుందా? ఏమీ ఉండదు! పరిగెత్తుకెళ్తే "ఆలస్యం" అంటాడు. ముందే వెళ్తే "చొక్కా సర్దుకో" అంటాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ విజిల్‌కి పరిగెడుతున్నాను. ఒక్కసారి శభాష్ అన్నాడంటే ఒట్టు.

పదకొండింటికి సీ లయన్ షో, అంటే సముద్ర సింహం ఆట. దాని పేరే బుడుంగు. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, కలెక్టరుగారి లాంటి చూపు, తాతగారి లాంటి మీసాలు, కానీ ఆడది. బంతి ఆడించింది, చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆ రబ్బరు బూట్ల అమ్మాయి, దాని ట్రైనర్, మైకు తీసుకుంది.

"ఇప్పుడు బుడుంగు ఆ రాయి మీద నోరు తెరుచుకుని ముప్పై సెకన్లు కదలకుండా ఉంటుంది. డాక్టరుగారు పళ్లు చూస్తారు. కట్టెయ్యకుండా, మత్తు ఇవ్వకుండా."

గట్టు మీద సూపర్‌వైజర్ మేడం స్టాప్‌వాచ్ నొక్కింది. డాక్టరు టార్చి పట్టుకుని వంగాడు. జనమంతా నిశ్శబ్దం. పది, పదిహేను, ఇరవై...

సరిగ్గా అప్పుడే మా బుజ్జి వరుస దాటి ఐస్‌క్రీం బండివైపు పరుగు తీసింది. ఐస్‌క్రీం తింటే గొంతు పట్టేస్తుందని నాన్న ఆర్డరు. నాన్న చూశాడు. పొడుగ్గా ఊదాడు.

బుడుంగు నోరు టప్పున మూసింది. డాక్టరు వేళ్లు ఎలా దక్కాయో ఆయనకే తెలియాలి. అది ధబేల్మని నీళ్లలోకి దూకి, కొలను దాటి, మా నాన్న ఎదురుగా గట్టెక్కి కూర్చుని, మళ్లీ నోరు తెరిచింది.

నాన్న దాన్ని ఎగాదిగా చూసి, అలవాటుకొద్దీ అన్నాడు: "లైన్లో నిలబడు!"

బుడుంగు కాసేపు చూసింది. ఏమీ రాలేదు. ఫుర్రుమంటూ మా అందరి మీదా నీళ్లు కొట్టి, వెనక్కి తిరిగి అడుక్కి వెళ్లిపోయింది. ట్రైనర్ పిలిచింది, బతిమాలింది, రాలేదు. షో ఆపేశారు.

ఇదీ సంగతి.

* * *

"నాన్నా, అంతలేసి మాటలు పడుతుంటే నువ్వొక్క మాట అనలేదేం?" అని నిలదీశాను.

"నువ్వెందుకు నాది అన్నావ్?"

"ముందు అడిగింది నేను!"

"అరవకు. నిటారుగా నిలబడి మాట్లాడు."

చూశారా? ఇదీ నా బతుకు!

అమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, "మీ ఇద్దర్లో ఎవరో ఒకరు వెళ్లి ఆ పిల్లకి సారీ చెప్పి రండి. ఉద్యోగం పోయేలా ఉంది పాపం," అంది. నాన్న బెంచీ మీంచి కదల్లేదు. నేనే వెళ్లాను. సారీ చెప్పడానికే అయినా పళ్లు నూరుకుంటూ వెళ్లాను.

కొలను వెనక ఇనుప గేటు. లోపల ఆ అమ్మాయి స్టీలు బల్ల ముందు నిలబడి టకటకా చేపలు కోస్తోంది. ఆ చేపల స్థానంలో ఎవరున్నారో నాకు అనుమానం లేదు.

"సారీ అండీ."

"అది నాకు కాదు, దానికి చెప్పండి." కత్తితో కొలను చూపించింది. నీళ్ల మధ్యలో రెండు ముక్కు రంధ్రాలు కనిపించి మాయమయ్యాయి. "విజిల్ అంటే మీకేంటి?"

"రమ్మని."

"దానికి అది మాట. ‘నువ్విప్పుడు చేసింది కరెక్టు, వచ్చి నీ చేప తీసుకో’ అని నేనిచ్చే మాట. ఊదానంటే ఇవ్వాల్సిందే. ఆరు నెలల్లో ఒక్కసారి తప్పలేదు. పొద్దుట్నుంచి మీరేమో గేటు దగ్గర ఊదారు, తాబేళ్ల దగ్గర ఊదారు, క్యాంటీన్ దగ్గర ఊదారు. ఊదినప్పుడల్లా అది గట్టెక్కి కూర్చుంది. చివరికి మీ ముందుకే వచ్చింది. లైన్లో నిలబడమన్నారు! పిలిచి, వచ్చాక ఏమీ ఇవ్వకపోతే ఎవరికైనా మండదా?"

"మండుతుంది!" అన్నాను. నాకే తెలియకుండా గొంతు పెరిగింది. "మండకుండా ఎలా ఉంటుందండీ? ఇరవై ఆరేళ్లు! రన్నింగ్ రేసులో ఫస్ట్ వచ్చి కప్పు తెస్తే, షూ లేసు ఊడిందన్నాడు! మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే, టైముకి లేస్తున్నావా అన్నాడు! బుడుంగు ఒక్క పూటకే అలిగింది, నేనింకా అలగనే లేదు!"

ఆమె కత్తి ఆగింది.

"విజిల్ మీది కాదు కదూ?"

"మా నాన్నది."

"మరి నాదన్నారెందుకు?"

"మీరు ‘ఎవడిది’ అన్నారు. మా నాన్నని నేను ఏమైనా అనుకుంటాను. ఇంకొకరు ‘ఎవడు’ అంటే ఊరుకోను."

ఆమె పెదవి చివర చిన్నగా కదిలింది. నవ్వు అనుకునేలోపే చేపల మీదికి వంగిపోయింది. నేను మాత్రం చూశాను. ఐదు బ్యాగుల బరువు ఒక్కసారిగా ఎటు పోయిందో తెలీదు.

"ఆయన్ని నేనలా అనుండకూడదు," అంది మెల్లగా. "సారీ."

"ఏం చెయ్యాలమ్మా ఇప్పుడు?"

ఉలిక్కిపడ్డాం. గేటు అవతల నాన్న. ఎప్పుడొచ్చాడో, ఎక్కణ్నుంచి విన్నాడో. కప్పు సంగతి కూడా విన్నాడా? మొహంలో ఏమీ తెలియలేదు, ఎప్పుడూ తెలియదు.

"తప్పు నాదేనమ్మా. ఆ కొలను దగ్గర నేనే చెప్పుండాల్సింది," అన్నాడు. మా నాన్న! తప్పు నాదే అన్నాడు! "దాని కోపం పోవాలంటే ఏం చెయ్యాలి?"

"మాట తప్పింది మీ విజిల్ సార్. మీరే ఊదాలి, మీరే ఇవ్వాలి." బకెట్ ఆయన చేతికిచ్చింది.

నాన్న గట్టు మీద కూర్చుని విజిల్ నోట్లో పెట్టుకోబోయాడు.

"ఆగండి సార్! పిలవడానికి కాదు. అది బాగా చేసినప్పుడు మాత్రమే."

"బాగా చేసినప్పుడా?" నాన్న విజిల్ కిందికి దించాడు. "తప్పు చేసినప్పుడు కదమ్మా ఊదుతారు? నేను ముప్పై ఆరేళ్లూ తప్పులకే ఊదాను."

"మరి బాగా చేసినవాళ్లకి ఎలా తెలిసేది సార్?"

నాన్న నావైపు చూడబోయి, బకెట్‌లోకి చూశాడు.

పావుగంట గడిచింది. టైమ్‌టేబుల్ ప్రకారం మేం అప్పుడు సొరచేపల దగ్గరుండాలి. నాన్న కదల్లేదు. చివరికి బుడుంగు ముక్కు పైకొచ్చింది. మూతి గట్టుకి ఆనించింది.

"ఇప్పుడు!"

నాన్న ఊదాడు. అంత మెత్తగా ఆయన ఊదడం నేనెప్పుడూ వినలేదు. వెంటనే చేప. బుడుంగు మింగి, అనుమానంగా చూసి, ఇంకాస్త దగ్గరికొచ్చింది. మళ్లీ విజిల్, మళ్లీ చేప. ఎనిమిదో చేపకి నాన్న మోకాలి మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. నాన్న చుట్టూ చూసి, ఎవరూ వినడం లేదనుకుని, "శభాష్," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది చేపలు తిన్నదానికి శభాష్! నాకేమో షూ లేసు!

"అసూయా?" అంది ట్రైనర్ నా చెవి దగ్గర.

"సీ లయన్ మీదా? నాకేం పని!"

"చెవులు ఎర్రబడ్డాయి మీకు."

చెవులు ఎర్రబడింది దానికి కాదు. ఆ మాట చెప్పలేదు.

* * *

మూడింటికి మళ్లీ అందరం మొదటి వరుసలో కూర్చున్నాం. నాన్న విజిల్ తీసి అమ్మ బ్యాగులో పడేసి, జిప్పు లాగేశాడు. బావ వాచీ చూసుకుని, "ఇది చరిత్రలో రాసుకోవాలి బామ్మర్దీ," అన్నాడు.

బుడుంగు రాయి ఎక్కింది. నోరు తెరిచింది. స్టాప్‌వాచ్ నడిచింది. ట్రైనర్ చెయ్యి గాల్లో నిలిచిపోయింది. పది. పదిహేను. ఆమె ఒక్కసారైనా ఇటు చూడలేదు, చూడకూడదు కూడా.

ఇరవై దగ్గర బుజ్జి లేచింది. ఐస్‌క్రీం బండివైపు పరుగు!

నాన్న చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. విజిల్ లేదు. నోరు తెరిచాడు, మూసేశాడు. అరవై రెండేళ్ల మనిషి చెప్పులు విడిచి, వంగి, పిల్లిలా అడుగులేస్తూ పరిగెత్తాడు. మెట్ల దగ్గర మనవరాల్ని ఎత్తుకుని, దాని చెవిలో ఏదో చెప్పాడు. అది కేక పెట్టబోయి ఆగిపోయింది.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.

ఆమె విజిల్ మోగింది. చేప గాల్లోకి లేచింది. సూపర్‌వైజర్ మేడం స్టాప్‌వాచ్ ఎత్తి చూపించి తలూపింది. జనం చప్పట్లు కొట్టారు. ట్రైనర్ బుడుంగు మెడ పట్టుకుని మొహం దాచేసుకుంది. మళ్లీ ఎత్తేసరికి ఆ తడి కొలనుదో కాదో ఎవరికీ తెలియలేదు. ఎత్తగానే చూసింది మాత్రం మా వరుసనే.

సాయంత్రం పార్కు మూసేముందు, నాన్న విజిల్ మళ్లీ మెడలో వేసుకుని మావాళ్లతో పార్కు గేటువైపు నడుస్తుంటే నేను ఇనుప గేటు దగ్గరికి పరిగెత్తాను. ఐదు బ్యాగులతోనే.

"వచ్చే ఆదివారం కూడా పదకొండింటికే షో," అంది ఆమె, నేనేమీ అడక్కముందే.

"వస్తాను."

"బుడుంగు కోసమా?"

"కాదు." ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఆగలేదు. "దాన్ని ఇవాళ చూశాను, చాలు. మీకోసం వస్తాను. మీరు తిట్టినా వస్తాను. నాకు మీరు నచ్చారు. బ్యాగులబ్బాయి అనడం మాత్రం నచ్చలేదు."

దూరం నుంచి రెండు పొట్టి విజిళ్లు.

"చూశారా!" అన్నాను మండిపోతూ. "జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయితో ఒక మాట చెప్తుంటే కూడా! వస్తున్నా నాన్నా!"

"పిలుస్తున్నారా అసలు?" అంది ఆమె.

వెనక్కి తిరిగి చూశాను. నాన్న చెయ్యి ఊపడం లేదు. టైమ్‌టేబుల్ చూడటం లేదు. రావాలని సైగ చెయ్యడం లేదు. నావైపు చూసి, ఒక్కసారి తలూపి, అటు తిరిగిపోయాడు.

గేటు ఊచ పట్టుకుని అలాగే చూస్తుండిపోయాను.

"మీరు బాగా చేశారని," అంది ఆమె మెల్లగా. గ్లౌజు తీసి, గేటు ఊచల మధ్యనుంచి చెయ్యి చాపింది. "చేప వాసనొస్తుంది."

"రానివ్వండి," అన్నాను పట్టుకుని.

అంతలో పొడుగు విజిల్.

"ఇదెవరికి?"

"ఇది అందరికీ. ఇంట్లోవాళ్లందరూ రావాలని."

పార్కు గేటు దగ్గర ఐస్‌క్రీం బండి ముందు నాన్న నిలబడి ఉన్నాడు. గొంతు పట్టేస్తుందనే నాన్న! రెండు చేతుల్లోనూ ఐస్‌క్రీములు పట్టుకుని ఒక్కొక్కరికీ ఇస్తున్నాడు. అలవాటుగా లెక్కపెట్టాను. ఏడున్నాయి.

మేం ఆరుగురం.

ఆమె కూడా లెక్కపెట్టినట్టుంది. ఇనుప గేటు గడియ తీసింది.

"ఒక బ్యాగు ఇటివ్వండి," అంది. "కరిగిపోతున్నాయి."