ఇంగ్లీషు పులి అడగని ప్రశ్న

శాస్త్రవేత్త శవం లిఫ్టులో దొరికింది. తర్వాతి వంతు మంత్రిది.

"మంత్రిగారి కారు మధ్యాహ్నం బజారు వీధిలోకి వస్తుంది. విదేశీ ముఠా ఒక వ్యాన్‌లో బాంబు పెట్టింది. ఏ వ్యానో నెమలి చెబుతుంది," అన్నాడు చీఫ్. "విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పాలి. అది మన రూలు."

ఆ రూలంటేనే ఏజెంటుకు ఒళ్లు మంట. ఒకేలా వినబడే ఇంగ్లీషు మాటలు అతని బుర్రలో ఎప్పుడూ కలగాపులగమే. అత్తవారింట్లో మాత్రం అతను 'ఇంగ్లీషు పులి'. కంట్రోల్ రూమ్‌లో రేడియో ముందు కూర్చునేది సాక్షాత్తూ బావమరిది. వాడి దగ్గర నోరు తెరిచి అర్థం అడగడమా?

మధ్యాహ్నం బూట్‌పాలిష్ వేషంలో కాలిబాట మీద కూర్చున్నాడు. బ్రష్షులో మైకు, చెవిలో ఇయర్‌పీస్. ఎదురు మేడ మీద నెమలి. పేరుకు ముఠా నాయకుడి సెక్రటరీ, నిజానికి మన మనిషి. నాయకుడు పక్క గదిలోకి వెళ్లగానే లిప్‌స్టిక్ పెదవులకు ఆనించి, ముఠా నోట విన్నమాటను విన్నట్టే గుసగుసలాడింది.

"స్టేషనరీ వ్యాన్."

"తిరిగి చెప్పు బావా," అన్నాడు బావమరిది.

"ఓకే."

"ఓకే కాదు. నీ మాటల్లో."

"నాకే పాఠం చెబుతావురా? ఓకే అంటే ఓకే!"

స్టేషనరీ అంటే కదలనిది. వీధి చివర ఒక వ్యాన్ కదలకుండా ఉంది. పరుగెత్తి తలుపు బద్దలుకొట్టాడు. లోపల పరుపులు, వాటి మీద గుర్రుపెడుతున్న డ్రైవరు.

వెనక మంత్రి కారు మలుపు తిరిగింది.

ఏజెంటు సిగ్గు దిగమింగి బ్రష్షు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరేయ్, నాకు తెలియలేదురా. ఏ వ్యాను?"

"వినడానికి రెండు స్టేషనరీలూ ఒకటే, నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? నెమలినే అడగాలి. ఇందాకైతే ఒంటరిగా ఉంది. ఇప్పుడా నాయకుడొచ్చేశాడు బావా!"

చెవిపోగులోంచి నెమలి అంతా విన్నది. ఈసారి గుసగుసల్లేవు. "కాగితాలూ పెన్నులూ దింపే బండి!" అని అరిచింది. ఆ వెంటనే ఇయర్‌పీస్‌లో తుపాకీ పేలింది.

ఏజెంటు, అప్పుడే పుస్తకాల కొట్టు ముందు వచ్చి ఆగిన ఆ బండి కిందకు దూరాడు. మంత్రి కారు పక్కకు వచ్చిన క్షణాన బాంబు వైరు తెంపాడు.

సాయంత్రం ఆసుపత్రిలో నెమలి భుజానికి కట్టు. ఏజెంటు చూపు తన బూట్ల మీదే ఉంది.

"ఏ స్టేషనరీయో చెవితో విని ఎవడూ చెప్పలేడు. అందుకేనయ్యా ఆ రూలు," అన్నాడు చీఫ్. తిట్టినా బాగుండేదనిపించింది.

నర్సు తలుపు తీసింది. "చాలు, ఇక బయటికి నడవండి."

"అంటే నేను లేచి, ఈ తలుపులోంచి బయటికి వెళ్లాలి. అంతేనా అమ్మా?" అన్నాడు ఏజెంటు, తల దించుకునే.

నెమలి నవ్వబోయి, భుజం పట్టుకుని మూలిగింది.