పిల్లాడి గదిలో తక్కువ రీడింగ్

ఒకే ఇల్లు. రెండు డబ్బాలు. రెండు రీడింగ్‌లకూ పొంతన లేదు.

పై హాల్లో పెట్టిన, రేడాన్ గ్యాస్ కొలిచే డబ్బా ఎనిమిది వందల నలభై చూపించింది. మూడు వందలు దాటితే ఊరుకోకూడదు. కింద, సగం నేలలోకి దిగి ఉన్న పిల్లాడి గదికి మాత్రం ముప్పై వచ్చింది.

"ఎవరో కావాలనే చేశారు," అంది పిహ్లా.

ప్రైవేట్ డిటెక్టివ్ రాకెల్ కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుంది. "పోలీసులకు చెప్పారా?"

"చెప్పాను. గాలి మీద ఎఫ్ఐఆర్ ఎలా రాయమంటావమ్మా అని నవ్వారు."

ఫిన్లాండ్‌లో ఇసుక గుట్టల మీద కట్టిన ఇళ్లకు ఈ బెడద ఉంటుంది. నేలలోంచి రేడాన్ పైకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ రావచ్చు.

"ఎవరి మీద అనుమానం?"

పిహ్లా గొంతు తగ్గించింది. "ఎన్సియో మామయ్య. మా ఆయనకు మేనమామ. ఈ ఇల్లు ఆయనదే, మేం అద్దెకున్నాం. రీడింగ్ ఎక్కువొస్తే ఇంటి పక్కన గొయ్యి తవ్వించి, ఫ్యాన్ పెట్టి గ్యాస్‌ను బయటికి లాగించాలి. ఆయనకది ఇష్టం లేదు. పిల్లాడి గది బాగానే ఉందిగా, వాణ్ణక్కడే పడుకోబెట్టండి అంటున్నాడు."

"మీరేం చేస్తున్నారు?"

"రాత్రంతా వాడి ఊపిరి వింటూ కూర్చుంటున్నాను."

రాకెల్ కింది గదికి వెళ్లింది. పిల్లాడి తొట్టి మంచం, బీరువా, ఎత్తున చిన్న కిటికీ. గోడ మూలన నెర్రె. చెయ్యి పెడితే సన్నగా చల్లగాలి తగిలింది. నేలలోంచి వచ్చే గ్యాస్ ముందు ఈ గదిని దాటాలి, ఆ తర్వాతే హాలు. మరి ఇక్కడ ముప్పై ఎలా?

మధ్యాహ్నం రెండింటికి అందరూ వంటింట్లో చేరారు. పిహ్లా అత్త, ఎన్సియో చెల్లెలు హెల్వి కాఫీ పోసింది. మనవడు ఇల్మోను ఊలు బట్టల్లో చుట్టి, పిల్లల తోపుడు బండిలో పెట్టి, పెరటి మంచులోకి తోసి వచ్చింది. వాడి పగటి నిద్ర అక్కడే. ఆ వీధి పిల్లలందరి నిద్రా అలాగే.

రాకెల్ ఎన్సియో వైపు తిరిగింది. "మీ దగ్గర తాళం ఉంది కదా?"

"నా ఇంటికి నా దగ్గర తాళం ఉండదా?"

"డిసెంబరు ఆరున, స్వాతంత్ర్య దినం నాడు వీళ్లంతా సమాధుల దగ్గర దీపాలు పెట్టడానికి వెళ్లారు. మీరెక్కడున్నారు?"

"మా ఇంట్లో."

"అబద్ధం!" అంది పిహ్లా. "వచ్చేసరికి కింద తువ్వాలు తడిగా ఉంది."

ఎన్సియో ముఖం ఎర్రబడింది. కాఫీ కప్పు తిప్పాడు. చెల్లెలి వంక చూశాడు.

"కింద ఉన్న ఆవిరి గదిలో స్నానానికి వచ్చాను. చాలా? గుండె డాక్టర్ వద్దన్నాడు. మా ఆవిడ మా బిల్డింగ్ ఆవిరి గది గుమ్మం దగ్గరే కాపలా కూర్చుంటుంది."

పిహ్లా భర్త టార్మో నవ్వు ఆపుకోలేకపోయాడు. పిహ్లా నవ్వలేదు.

"డబ్బా ముట్టుకున్నారా?"

"కింద నాకు డబ్బా కనబడనే లేదు."

రాకెల్ పెన్ను ఆగింది. "డబ్బాలు పెట్టిందెవరు?"

"హాల్లోది నేను," అన్నాడు టార్మో.

"చిన్నోడిది నేను," అంది హెల్వి. "ల్యాబ్ వాళ్లు చెప్పినట్టే. మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో, తల దగ్గర."

"పిహ్లా, దాన్ని మీరు చూశారా?"

"బీరువా మీద ఉందనుకున్నాను. ముట్టుకుంటే పాడవుతుందన్నారని అటు కన్నెత్తి చూడలేదు. మళ్లీ ల్యాబ్‌కి పంపింది కూడా అత్తయ్యే."

రాకెల్ లేచింది. "వాడని డబ్బా ఇంకొకటి ఉంటుందిగా. ఇలా ఇవ్వండి."

అందరూ ఆమె వెనకే పెరట్లోకి వచ్చారు. పిల్లాడు బుగ్గలెర్రగా నిద్రపోతున్నాడు. బండి హుడ్ లోపల చిన్న ఊలు సంచి వేలాడుతోంది. ఖాళీగా ఉంది. రాకెల్ డబ్బాను అందులోకి జార్చింది. కొలతకు కుట్టినట్టు సరిపోయింది.

"ఈ సంచి ఎవరు అల్లారు?"

"నేనే," అంది హెల్వి. "వాడు నోట్లో పెట్టుకోకుండా."

"పాలపీక పెట్టుకునే సంచనుకున్నాను," అంది పిహ్లా మెల్లగా.

"ఎవరైనా అలాగే అనుకుంటారు. పిల్లాడు నిద్రలేచాక బండి ఎక్కడుంటుంది?" అడిగింది రాకెల్.

"గాజు వరండాలో. ఇంట్లోకి తెస్తే మంచు కారుతుందని."

"అంటే అప్పటి డబ్బా చలికాలమంతా అయితే మంచులో ఉంది, లేకపోతే వరండాలో ఉంది. బయటి గాలికి ఆ మాత్రం రీడింగే వస్తుంది. ఎవరూ ఏదీ మార్చలేదు. పిల్లాడి గదిని అసలెవరూ కొలవలేదు."

హెల్వి ఆ సంచిని వేలితో తడిమింది. "వాడు హాయిగా పడుకునేది ఇక్కడేగా... అందుకని..."

ఎన్సియో గొంతు సవరించుకున్నాడు. "సరే, ఇంకో డబ్బా పెట్టండి. రీడింగ్ వచ్చాక చూద్దాం."

"పైనే ఎనిమిది వందల నలభై," అంది రాకెల్. "కింద తక్కువ ఉంటుందని నేననుకోను."

"ముప్పై ఏళ్లు ఆ గదిలో నేను పడుకున్నాను. నాకేమైంది?"

"మీ గుండె డాక్టర్ ఊపిరితిత్తులు కూడా చూశాడా మామయ్యా?" అంది పిహ్లా.

 

పిహ్లా ఇంట్లోకి నడిచింది. కాసేపటికి కింది మెట్ల మీద చెక్క గీసుకుంటున్న చప్పుడు. తొట్టిని ఒక్కతే పైకి లాగుతోంది.

"ఎక్కడికి?" అన్నాడు చెల్లెలితో పాటు లోపలికి వచ్చిన ఎన్సియో, మెట్ల పైనుంచి.

"మీ ఫ్లాట్‌కి. మూడో అంతస్తు, నేలకు దూరం. మీరు గొయ్యి తవ్వించేదాకా అక్కడే ఉంటాం."

ఎన్సియో చెల్లెలి వంక చూశాడు. హెల్వి చూపు తిప్పుకోలేదు.

ఆయన బరువుగా మెట్లు దిగి తొట్టి రెండో చివర పట్టుకున్నాడు.

"మా లిఫ్ట్ చిన్నది," అన్నాడు. "కాళ్లు ఊడదీయాలి. టార్మో, స్క్రూడ్రైవర్ పట్రా!"