నమలని ముద్ద

అలివేలమ్మను చంపింది నందిని.

పార్శిల్‌లో బాంబు కట్టింది వేరేవాళ్ళు. పలమనేరులో ఇంటి గుమ్మం దాకా తెచ్చింది కొరియర్ మనిషి. భర్త మునిశేఖర్ పేరు చూసి విప్పింది అలివేలమ్మ. అయినా చంపింది నందినే. ఏజెంట్ మునిశేఖర్ ఇంటి అడ్రస్ గూఢచారి డిపార్ట్‌మెంటులో ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో విదేశీ ముఠాకు అమ్ముడుపోయింది ఆమె ఒక్కతే. మరుసటి రోజే ఆమె దేశం దాటింది. ఎంక్వైరీ రిపోర్టులో గ్యాస్ సిలిండర్ అని రాశారు. మునిశేఖర్ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు.

నందిని ఆ ఇంట్లో రెండేళ్ళు తిన్న మనిషి. వదినా అని పిలుస్తూ నేరుగా వంటింట్లోకి వచ్చేది.

మూడేళ్ళ తర్వాత చీఫ్ చక్రధర్ కబురు పెట్టాడు. తిరుపతిలో, అలిపిరి రోడ్డు మీద ఒక ట్రావెల్స్ ఆఫీసు. ముందు గదిలో యాత్రికులకు కార్లు మాట్లాడతారు. వెనక గదిలో డిపార్ట్‌మెంటు.

"నందిని కనబడింది," అన్నాడు చక్రధర్. "అంటే, కనబడలేదు. సర్జరీ చేయించుకుని మొహం మార్చేసింది. గొంతు మార్చింది, వేలిముద్రలు కూడా. ఇప్పుడు ఆమె ఎట్లుంటుందో మనకెవరికీ తెలియదు."

"యాడ ఉండాది సార్?"

"సముద్రం మధ్యలో ఒక దీవి. అక్కడ హెల్త్ కేఫ్ ఒకటుంది. పొద్దున టిఫిను మాత్రమే. గురువారం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆమె అక్కడ ఒక చిప్ అమ్మబోతోంది."

"అందులో ఏముండాది?"

"మన ఏజెంట్లు తొమ్మిదిమంది ఇంటి అడ్రస్‌లు."

అడ్రస్ చేతులు మారితే ఏమవుతుందో ఆ గదిలో మునిశేఖర్‌కంటే తెలిసినవాడు లేడు.

"ఆమె నాకు ప్రాణంతో కావాలి శేఖర్. ముఠా గురించి చెప్పించాల. అర్థమైందా?"

"కేఫ్‌లో ఏం పెడతారు సార్?"

"ఆరోగ్యం," అని చక్రధర్ మెనూ కార్డు తోశాడు.

మునిశేఖర్ చదివాడు. నానబెట్టిన చియా గింజలు. పచ్చి ఆకుల స్మూతీ. పాలలో పసుపు కలిపి దానికి ఇంగ్లీషు పేరు. అడుగున ఒక లైను: అతిథులు ప్రతి ముద్దనూ ముప్పై రెండు సార్లు నమలవలెను.

అతను ఆ లైను మీద వేలు పెట్టాడు. "నన్ను వంటవాడిగా పంపండి. ఒక మూట రాగిపిండి కూడా."

ఎందుకని చక్రధర్ అడగలేదు. పరికరాల పని చూసే జోయల్ మాత్రం అడిగాడు. "సంగటి చేస్తావా అన్నా? ఆ తెల్లోళ్ళు దాన్ని చూసి బంకమన్ను అనుకుంటారప్పా."

"నీకేల. పనిముట్టు చూపించు."

జోయల్ ఒక చెక్క తెడ్డు తీశాడు. "పిడిలో జామర్ ఉండాది. నొక్కితే చుట్టుపక్కల నెట్ ఆగిపోతాది. తొంభై సెకన్లే. చిప్‌లో ఫైలు నూటికి నూరు శాతం అవతలికి పోతేనే తెరుచుకుంటాది, ఒక శాతం తగ్గినా చెత్తే. ఇంకోమాట, తెడ్డును నీళ్ళల్లో నానబెట్టొద్దు. వారంటీ లేదు."

గురువారం. ఏడున్నర.

కేఫ్‌కు గోడలు లేవు. కొబ్బరాకుల కప్పు, కింద ఇసుక, పొట్టి బల్లలు, చాపలు. చెప్పులు బయట విడవాలి. ఓనర్ చొక్కా లేకుండా తిరుగుతూ వచ్చినవాళ్ళందరికీ నమస్తే పెడుతున్నాడు. మునిశేఖర్ మీసం తీసేసి, టోపీ, మాస్కు పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. బోర్డు మీద ఆ రోజు స్పెషల్: సౌత్ ఇండియన్ సూపర్‌ఫుడ్ బాల్, ఉచితం.

ఎనిమిదింటికల్లా ఒంటరి ఆడవాళ్ళు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ముగ్గురిదీ ఒకే వయసు, ఒకే పొడుగు. ఒకామె పక్కన సర్ఫింగ్ పలక. ఒకామె చేతిలో పుస్తకం. మూడో ఆమె నల్ల కళ్ళద్దాల్లో, సినిమా తారలాగా, సముద్రం తనదే అన్నట్టు చూస్తోంది.

ముగ్గురికీ వేడి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వెళ్ళాయి.

పలకామె ఫోర్కుతో గుచ్చి, నమలడం మొదలుపెట్టింది. పది లెక్కపెట్టేలోగా పళ్ళకు అంటుకుంది. నీళ్ళు తాగింది. పుస్తకమామె నిజాయితీగా ముప్పై రెండూ నమిలి, నొప్పెట్టిన దవడ పట్టుకుంది. కేఫంతా నములుతోంది. మేకల దొడ్డిలా ఉంది.

నల్ల కళ్ళద్దాలామె ఫోర్కు పక్కన పెట్టింది. ముద్ద నడుమ బొటనవేలితో గుంత చేసింది. గుంతలో ఊరిబిండి వేసింది. అంచు నుంచి చిన్న ముక్క తుంచి, అద్ది, నోట్లో పెట్టుకుంది. గొంతు ఒక్కసారి కదిలింది. దవడ కదల్లేదు.

మొహం మార్చుకోవచ్చు. గొంతు మార్చుకోవచ్చు. చేతికి నేర్పినది చేతిలోనే ఉంది. పలమనేరు వంటింట్లో కూర్చోబెట్టి ఆమెకు నేర్పింది అలివేలమ్మ. "నమిలితే పండ్లకు అతుక్కుంటాది నందినీ. సంగటిని మింగాల. అట్ల గుంత చేసుకో. ఆ, ఇప్పుడు సీమ పిల్లవైనావు."

మునిశేఖర్ రెండో దబరగిన్నెలో పిండి పోసి గెలకసాగాడు.

ఎనిమిది నలభైకి గడ్డి టోపీ మనిషి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. "ఈ తేనె ఏ అడవిది?" అన్నాడు ఇంగ్లీషులో.

"కాలిపోయిన అడవిది," అంది ఆమె.

వెదురు స్ట్రాలోంచి చిప్ జారింది. టోపీ మనిషి దాన్ని లాప్‌టాప్‌లో గుచ్చాడు. తెర మీద ఫైలు నెట్‌లో పోతున్న పచ్చగీత పరుగెత్తింది. నలభై శాతం.

మునిశేఖర్ తెడ్డు పిడి నొక్కాడు. గీత ఆగింది. తెడ్డుతో సహా దబర ఎత్తుకుని నడిచాడు. మధ్యలో ఓనర్ అడ్డం వచ్చి, వంటింటి తాలూకు పాజిటివ్ ఎనర్జీ గురించి చెప్పసాగాడు. అరవై సెకన్లు. ఎనభై. మునిశేఖర్ అతన్ని భుజంతో పక్కకు జరిపాడు. అప్పటికే పిడిలో జామర్ కాలి చచ్చింది. గీత మళ్ళీ కదిలింది. డెబ్భై. తొంభై. తొంభై ఎనిమిది.

దబర బోర్లపడింది. పొగలు కక్కే సంగటి లాప్‌టాప్‌ను చిప్‌తో సహా పూడ్చేసింది. తెర చిటపటమని ఆరిపోయింది.

టోపీ మనిషి చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

మునిశేఖర్ మాస్కు తీశాడు. ఆమె వైపు మాత్రమే చూశాడు. తెలుగులో అడిగాడు. "కడుపు నిండిందా నందినీ?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. మొహం పరాయిది. చూపు పాతదే. "అన్నా," అంది. మూడేళ్ళలో ఆమె నోట వచ్చిన మొదటి తెలుగు మాట అదే కావచ్చు. "పార్శిల్ అని నాకు తెల్దు. బెదిరిస్తారని మాత్రమే అనుకున్న్యా. వదిన ఉండింటే నన్ను ఒదిలేసుండేది."

"పోయి అడుగు."

టోపీ మనిషి కళ్ళు ఆమె మీదికీ, వంటవాడి మీదికీ తిరుగుతున్నాయి. ఇద్దరిదీ ఒకే భాష. ఇద్దరూ తెలిసినవాళ్ళు. అతనికి మాటలు అర్థం కానక్కర్లేదు.

మిగిలిన కాస్తా అర్థమయ్యేలా మునిశేఖరే చేశాడు. ఇంగ్లీషులో, గట్టిగా, నిదానంగా అన్నాడు.

"థాంక్యూ నందినీ. గుడ్ జాబ్."

ఆమెకు ముందే అర్థమైంది. లేవబోయింది. సైలెన్సర్ తగిలించిన పిస్తోలు ఒక్కసారే దగ్గింది. ఆమె చాప మీద పక్కకు ఒరిగింది. పళ్ళెంలో సగం ముద్ద మిగిలింది.

పిస్తోలు ఇటు తిరిగేలోగా తెడ్డు టోపీ మనిషి మణికట్టు విరిచింది. అతను సంచి వదిలి పడవల వైపు పరుగెత్తాడు. పడవలో కూర్చున్న ఇద్దరు జాలర్లు దీవి పోలీసులు. లేచి పట్టుకున్నారు.

శనివారం తిరుపతి. వెనక గది. చక్రధర్ ఫైలు మూశాడు. తొమ్మిది ఇళ్ళూ క్షేమం. ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ తెలియదు.

"ప్రాణంతో తెమ్మన్నాను," అన్నాడు.

"ఒకర్ని తెచ్చినాను కదా సార్. వాడికి ఆమెకంటే ఎక్కువ తెలుసు."

"వాడు ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్తున్నాడు. నువ్వు ఆమెకు థాంక్స్ చెప్పినావంట. దేనికి శేఖర్?"

మునిశేఖర్ కాలిపోయిన తెడ్డును బల్ల మీద పెట్టాడు. కిటికీలోంచి కొండకు పోయే మెట్లదారి కనిపిస్తోంది.

"మా ఆమె నేర్పించినట్టే తినింది సార్. అందుకు."

చక్రధర్ ఇంకేదో అడగబోయాడు. మునిశేఖర్ అప్పటికే లేచి, తలుపు తీశాడు.

"దీన్ని గురించి ఇంక నేను మాట్లాడను. మీతో కాదు. పైన కొండమీద ఉండే ఆయన అడిగినా అంతే."