జంటతీగ తెగిన నిమిషం

సత్యవేణి బల్ల మీద మధ్యాహ్నానికి అది పద్నాలుగో ఫోను. మూత తీసి, 'వారధి' కొసలు రెండూ, ఒకటి ఫోనుకీ ఒకటి అవతలి లైనుకీ తగిలించి, పాత బ్యాటరీ లాగి కొత్తది నొక్కాలి. ఆ కాసేపూ లైను తెగకుండా వారధే మోస్తుంది. కాకినాడ బస్టాండు పక్కన పంతొమ్మిదేళ్లుగా ఆమె చేతిలో ఒక్క లైనూ తెగలేదు. ఆ మాటే బోర్డు మీద రాయించుకుంది.

ఆ గొప్పకు కారణముంది. ఇప్పుడు పెళ్లిలో మూడు ముళ్లతో పాటు 'జంటతీగ' కూడా కలుపుతున్నారు. తీగ అన్నది పేరుకే. ఆనాటి నుంచీ మొగుడి చెవిలో పెళ్లాం, పెళ్లాం చెవిలో మొగుడు, దగ్గినా తుమ్మినా. అది తెగడం మహా అపశకునం. ఇంట్లో మొగుడు వీర్రాజు తొక్కే కుట్టుమిషను చప్పుడు సత్యవేణి ఎడమ చెవిలో పెళ్లినాటి నుంచీ ఆడుతూనే ఉంది.

ఫోను తెచ్చిన హైమ మాట్లాడకుండా ఒక చీటీ ముందుకు తోసింది.

'ఒక్క నిమిషం తెంపండి. మా అమ్మ పోయి నెలైంది. ఆయన విశాఖ రేవులో క్రేను నడుపుతారు. నా ఏడుపు వింటే ఆయన చెయ్యి వణుకుతుంది. అందుకే ఇంతవరకూ ఏడవలేదు.'

సత్యవేణి చీటీ రెండుసార్లు చదివి బోర్డు వంక చూసింది. కన్నతల్లి కోసం ఏడవడానికి కూడా బ్యాటరీ అయిపోవాలా అని ఒళ్లు మండిపోయింది.

"లోపలికి రండమ్మా, మూత కాస్త బిగుసుకుపోయిందండి" అని పైకి అంటూ, పాత బ్యాటరీ లాగి, వారధికి హైమ వైపు కొస ఊడదీసింది.

వెనక గదిలో హైమ అలవాటుగా చెంగు నోట్లో కుక్కుకుంది. సత్యవేణి దాన్ని లాగేసి, ఏడవమని సైగ చేసింది. "అమ్మా!" అని గోడలు అదిరేలా ఏడ్చింది హైమ.

వారధి అవతలి కొస ఇంకా బతికే ఉంది. లైను పరీక్షించే గుళిక సత్యవేణి కుడి చెవిలో ఉంది. 'తీగ తెగింది' అని అవతల హైమ మొగుడి చెవిలో యంత్రం పలికింది. ఆ వెంటనే మగగొంతు.

"హమ్మయ్య!"

తర్వాత పెద్ద నిట్టూర్పు. ఆ పైన కూనిరాగం. గుళిక తీసేయాలనుకుంది సత్యవేణి. చెయ్యి రాలేదు.

నిమిషం అయింది. కొస తగిలించి, కొత్త బ్యాటరీ నొక్కింది.

"ఏమైపోయావే హైమా? ప్రాణం పోయినంత పనైంది నాకు!"

"ఏం లేదండి, బ్యాటరీ మార్పించాను."

హైమ కళ్లు తుడుచుకుని మొదటిసారి నవ్వింది. "పాపం, ఎంత కంగారుపడ్డారో" అని పెదవులు మాత్రమే కదిపింది. సత్యవేణి తలూపింది. హైమ మొహం చూడలేకపోయింది.

హైమ వెళ్లాక బోర్డు మీది మాట తుడిచేసింది. అంతలో తన ఫోనే బ్యాటరీ అయిపోవచ్చిందని మోగింది. ఎడమ చెవిలో మిషను ఆడుతూనే ఉంది. వారధి కొసలు రెండూ తగిలించింది. ఊడిపోతాయేమోనని భయమేసి, మళ్లీ బిగించింది. ఇంకోసారి బిగించింది. అయినా బ్యాటరీ లాగడానికి చెయ్యాడలేదు.