దుంపగెడ్డ నిర్జన గ్రామం

తెల్లారినా దుంపగెడ్డ మీద మంచు విడలేదు. కనక పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతోంది. ఆమె భర్త బుధు కాఫీ గింజల బస్తా మూతి పురికొసతో బిగిస్తున్నాడు. ఆ రోజు శుక్రవారం. అరకు సంతకి జీపు ఎక్కాలంటే రెండు మైళ్ళు కొండ దిగాలి.

కూతురు సోని అరుగు చివర ఫోను పట్టుకుని కూర్చుంది. ఇంట్లో సిగ్నలు అందేది ఆ మూలకే.

"ఏటే గుంటా, లేచిన కాడినుంచి ఆ ఫోనేనా? తోటలో కాఫీ పళ్ళు రాలిపోతన్నాయి," అన్నాడు బుధు.

"ఒక్క మాట రాసీసి బేగి ఎల్తాను అయ్యా."

"రాత్తే కూలి ఎవులిత్తారు?"

"ఎవులూ ఇవ్వరు. అందరం ఊరకే రాత్తాం."

"ఊరకే పన్జేసేవోల్ని నిన్నే సూసినాను," అని బస్తా భుజానికెత్తుకుని దిగిపోయాడు.

సోని పాడేరులో డిగ్రీ చదివింది. రెండేళ్ళుగా ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో రాస్తోంది. అది అందరూ కలిసి రాసే పెద్ద పుస్తకం. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, జీతం ఉండదు. ఆమె కొండ చెట్ల గురించి, గెడ్డలనే కొండవాగుల గురించి, పండుగల గురించి రాసింది. నెలకోసారి కాలేజీకి వెళ్ళి, మన ఊళ్ళ గురించి మనమే రాయాలని పిల్లలకి చెప్పి వచ్చేది. బుధుకి అదంతా పనిలేని పని.

ఎప్పుడూ పొద్దువాలాక వచ్చే మనిషి ఆ రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. బస్తా భుజాన అలాగే ఉంది. దాన్ని వాకిట్లో పడేశాడు.

"సోనీ! ఇలా రాయే!"

తోటలోంచి పళ్ళ బుట్టతో అప్పుడే వచ్చిన సోని గుమ్మం ముందే ఆగిపోయింది.

"మనూరి గురించి ఏటి రాసినావు ఆ పుస్తకంలో?"

సంతలో ఓ కొత్త వ్యాపారి ఏ ఊరని అడిగాడు. బుధు చెప్పాడు. వ్యాపారి గుమాస్తా ఫోనులో వెతికి పైకి చదివాడు. దుంపగెడ్డ నిర్జన గ్రామం. జనాభా సున్నా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"తాతా, నువ్వు మనిషివా దెయ్యానివా, కాళ్ళు సూపించు అన్నాడే ఆ గుమాస్తా! సంత నడుమ! నాను బస్తా ఇప్పకుండా వొచ్చీసినాను. అందులో రాసేది నువ్వే కదా! బతికున్న తండ్రిని దెయ్యాన్ని సేసీసినావు!"

సోని బుట్ట కింద పడేసింది. ఎర్రటి పళ్ళు వాకిలంతా దొర్లాయి.

"నేను రాసినాననుకుంటన్నావా? ఆరు నెలల నుంచి ఆ మాటతోనే కొట్టీసుకుంటన్నాను! నాలుగుసార్లు తీసినాను. నాలుగుసార్లూ మళ్ళీ పెట్టీసినారు. రోజూ పొద్దున్న నేను సేత్తన్నది అదే. నువ్వేమో కూలి అడుగుతావు!"

బుధు ఒక్క క్షణం తగ్గాడు. మళ్ళీ గొంతు పెంచాడు.

"మళ్ళీ పెట్టినోడు ఎవుడు? ఆడికి ఫోన్ సెయ్యి!"

ఆయన పేరు వరహాలరావు. బొబ్బిలిలో రిటైరైన మాస్టారు. ఆ సర్వస్వంలో తప్పులు చూసే పని ఆయనా ఊరకే చేస్తాడు. సోని దగ్గర ఆయన నంబరుంది. అరుగు చివర నిలబడి ఆయనకి చేసి, మా అయ్య బుధు మాట్లాడతాడని చెప్పి, ఫోను స్పీకర్లో పెట్టింది.

"నమస్కారమండీ," అన్నాడాయన.

"మనుషుల్లేని ఊరినుంచి మాట్లాడతన్నాను. నా గొంతు వినపడతందా?"

"వినపడుతోందండీ."

"మరి ఎవులూ లేరని ఎలా రాసినావు? ఎప్పుడైనా కొండెక్కి సూసినావా?"

"లేదండీ. రెండువేల పదకొండు ఫిబ్రవరి జనాభా లెక్కల్లో సున్నా అని ఉంది. అచ్చులో ఉన్నదే రాయాలని మా నియమం. మీ అమ్మాయి మాట నమ్ముతాను. కానీ ఆధారం కావాలి కదా."

"మనిషి మాట్లాడతంటే కాగితం కావాలా! ఆ సున్నా రాసినోడు ఏ సెట్టుకింద కూకుని రాసినాడో! ఆడు మా ఊరి మొగం సూసుంటే గదా!"

"వొచ్చినాడు," అంది కనక పొయ్యి దగ్గర నుంచి.

ఇద్దరూ అటు చూశారు.

"మాఘంలో. ఊరు కట్టినామే, ఆ నాడు."

బుధు పొలిమేర దారి వైపు తిరిగాడు.

జ్వరాలు ముదిరితే ఆ కొండల్లో ఊరు కడతారు. పొలిమేరలో దారికి అడ్డంగా మామిడాకుల తాడు కట్టి ఒక మనిషి కాపలా నిలబడతాడు. జ్వరం మనిషి రూపంలో వచ్చి లోపల ఎంతమంది అని అడుగుతుందని వాళ్ళ నమ్మకం. ఎవరు అడిగినా ఎవరూ లేరనే చెప్పాలి. ఆ ఏడు కాపలా నిలబడింది బుధు. అంతకు రెండు రోజుల ముందే ఆరేళ్ళ కొడుకు ఉదయ్‌ని పూడ్చి వచ్చాడు.

"ఆడి భుజాన సంచీ ఉంది," అన్నాడు బుధు మెల్లగా. "లోపల ఎంతమంది అనడిగినాడు. ఎవులూ లేరన్నాను. మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లూ అదే సెప్పినాను. ఏదో రాసుకుని ఎల్లిపోనాడు."

సోని తండ్రి వైపే చూస్తోంది. అప్పుడామెకి పదేళ్ళు.

"నేను లోపలున్నాను కదా అయ్యా."

బుధు గుమ్మంలో కూలబడ్డాడు.

"ఉన్నావు. నీకూ ఒళ్ళు కాలిపోతంది. నీ తమ్ముడెల్లిపోనాడు, నువ్వొక్కదానివే మిగిలినావు. నువ్వున్నావని ఎలా సెప్తానే? ఆ లెక్కలోకి నిన్నెలా రానిత్తానే?"

కనక కొంగు నోట్లో కుక్కుకుంది. సోని వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. అతని భుజానికి తల ఆనించి ఏడ్చింది. బుధు కాఫీ పళ్ళ జిగురు అంటిన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఫోను ఇంకా కట్ కాలేదు.

"బుధు గారూ," అన్నాడు వరహాలరావు. "మీ అమ్మాయి దిద్దింది నాలుగుసార్లు కొట్టేసే బదులు ఒక్కసారి ఫోన్ చేసి అడగవలసింది. తప్పు నాదే. ఓటర్ల జాబితా అచ్చులో ఉంటుంది. మీ ఊరి పేరున్న పుటలు అమ్మాయిని పంపమనండి. లెక్కల్లో సున్నా ఉందని, జాబితాలో ఇంతమంది ఉన్నారని రెండూ రాద్దాం. నిర్జనం అన్న మాట నా చేత్తోనే తీసేస్తాను."

"జాబితాలో పిల్లలుంటారా?"

"ఉండరండీ."

"అయితే అదీ తప్పుడు లెక్కే," అన్నాడు బుధు కోపంగా. తర్వాత, "సరే. ముందు అదన్నా దిద్దండి," అన్నాడు.

ఫోను పెట్టేశాక కూతురి వైపు తిరిగాడు.

"సోమారం పాడేరెల్లి ఆ జాబితా తే. పళ్ళు నాను కోత్తాను. ఇప్పుడో నోటుబుక్కు తెచ్చుకో. గెడ్డ అవతలి ఇంటి కాడినుంచి సెప్తాను, ఒక్కొక్కల్నీ రాయి. పాలు తాగే గుంటల్తో సహా."

"సర్వస్వంలో ఇది సెల్లదు అయ్యా."

"తెలుసులే. రాయి."

పొద్దువాలే దాకా అతను చెప్పాడు, ఆమె రాసింది. చివరికి తమ ఇంటికొచ్చారు. బుధు, కనక, సోని అని రాసి ఆమె కలం ఆపింది.

బుధు ఆ మూడు పేర్ల కింద వేలు పెట్టాడు.

"తమ్ముడి పేరు కూడా రాయమ్మా," అన్నాడు.